గడ్డ నిండా రోగనిరోధక కణాలుండగా క్యాన్సర్ ఎలా పెరిగింది?

ప్రశ్న: మా అక్కకు 44 ఏళ్లు. కుడి రొమ్ములో 3 సెంటీమీటర్ల గడ్డ ఉంది, చంకలో ఒక లింఫు గ్రంథికి కూడా పాకింది. బయాప్సీలో ట్రిపుల్ నెగెటివ్ (రెండు హార్మోన్ల గ్రాహకాలు, హెర్2 ప్రొటీన్ ఏవీ లేని రకం) అని తేలింది. రిపోర్టులో ‘స్ట్రోమల్ టీఐఎల్స్ 40 శాతం’, ‘పీడీ-ఎల్1 సీపీఎస్ 6’ అని రాశారు. ముందు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. గడ్డలో అన్ని రోగనిరోధక కణాలుంటే క్యాన్సర్ ఎలా పెరిగింది? సీపీఎస్ అనే ఆ పీడీ-ఎల్1 స్కోరు 10 దాటితేనే ఆ మందు పనిచేస్తుందని చదివాం, మరి 6 ఉన్న అక్కకు ఎందుకు? రక్తపరీక్షలో తెల్లకణాలు 7,800, అందులో లింఫోసైట్లు 18 శాతమే ఉన్నాయి. ఇమ్యూనిటీ తగ్గబట్టే ఈ జబ్బు వచ్చిందని, ఇప్పటినుంచే ఇమ్యూనిటీ పెంచే మాత్రలు, పొడులు వాడమని అందరూ అంటున్నారు. వాడవచ్చా? ఇంట్లో మేం ఏం గమనించాలి?

జవాబు: మీ అక్కగారికి ఇమ్యూనిటీ తగ్గబట్టే క్యాన్సర్ వచ్చిందనడానికి మీరు రాసిన రిపోర్టుల్లో ఆధారమేమీ లేదు. ఆ మాట ఆమె చెవిన పడకుండా చూడండి. ఆమె ఏదో సరిగా తినలేదనో, తన ఒంటిని చూసుకోలేదనో నింద వేసినట్టు ఉంటుంది ఆ మాట. నిజానికి 40 శాతం అన్న ఆ అంకె చెప్పేది వేరు. ఆమె రోగనిరోధక కణాలు గడ్డను గుర్తుపట్టాయి, వెతుక్కుంటూ వచ్చి లోపలికి చేరాయి. వచ్చాక వాటి పని ఆగిపోయింది.

ముందు ఆ అంకె సంగతి. రొమ్ము గడ్డలో క్యాన్సర్ కణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఆ గుంపుల మధ్య ఉండే కణజాలాన్ని స్ట్రోమా అంటారు. పెథాలజిస్టు మైక్రోస్కోపులో ఆ స్ట్రోమా విస్తీర్ణంలో ఎంత భాగాన్ని లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు ఆక్రమించాయో అంచనా కడతారు. అదే స్ట్రోమల్ టీఐఎల్స్. అంటే 40 శాతం అన్నది గడ్డలోని మొత్తం కణాల్లో వాటా కాదు, మధ్య ఖాళీల్లో వాటా. దీనికి ప్రత్యేకమైన రంగులేవీ అక్కర్లేదు. మామూలు బయాప్సీ స్లైడు మీదే చూస్తారు. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలను లెక్కలోకి తీసుకోరు. కుళ్లిన భాగాన్ని, పాత బయాప్సీ సూది గుచ్చిన చోటును వదిలేస్తారు. కణాలు బాగా గుమిగూడిన ఒక్క చోటు చూసి రాయకుండా, మొత్తం మీద సగటు కడతారు. కంటి అంచనా కాబట్టి ఒకరు 40 అన్నచోట ఇంకొకరు 30 అనవచ్చు. ఆ తేడా కోసం మళ్లీ బయాప్సీ చేయించాల్సిన పని లేదు.

ట్రిపుల్ నెగెటివ్‌లోనూ, హెర్2 పాజిటివ్‌లోనూ ఈ కణాలు ఎక్కువగా ఉండటం మంచి సూచన. కీమోకు గడ్డ బాగా లొంగే అవకాశం, జబ్బు తిరగబెట్టకుండా ఉండే అవకాశం రెండూ పెరుగుతాయి. 50 శాతం దాటితే చాలా ఎక్కువగా ఉన్నట్టు లెక్క, 10 లోపైతే తక్కువ. మీ అక్కగారిది మధ్యస్థానంలో పై వైపు ఉంది. అయితే ఈ అంకెను చూసి కీమో తగ్గించడమో, మందు మార్చడమో ఇప్పుడు చేయరు. ఇది భవిష్యత్తు గురించి చెప్పే అంకె, చికిత్సను నిర్ణయించే అంకె కాదు. ఇంకో మాట. హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ రకం క్యాన్సర్ ఉన్నవారు దీన్ని చదివి తమ రిపోర్టుకు అన్వయించుకోవద్దు. ఆ రకంలో టీఐఎల్స్ ఎక్కువగా ఉంటే కీమోకు స్పందన పెరిగినా, బతుకుకాలం విషయంలో అది మంచి సూచన కాదని పెద్ద విశ్లేషణల్లో తేలింది.

మరి అన్ని కణాలుండీ ఏమైంది? సాధారణంగా జరగాల్సింది ఇది. గడ్డ నుంచి రాలిన ప్రొటీన్ ముక్కలను డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలు పట్టుకుని చంకలోని లింఫు గ్రంథులకు మోసుకెళతాయి. అక్కడ ఆ ముక్కకు సరిపోయే టీ కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) మేల్కొని, వేల సంఖ్యలో పెరిగి, రక్తం ద్వారా గడ్డ దగ్గరికి తిరిగొస్తాయి. వాటిలో సీడీ8 రకం కణాలు క్యాన్సర్ కణానికి అతుక్కుని, దాని పొరకు రంధ్రాలు చేసి చంపుతాయి. ఈ వరసలో ఎక్కడైనా తెగవచ్చు. కొందరిలో అసలు టీ కణాలు గడ్డ దాకా రానే రావు, లేదా గడ్డ చుట్టూ గట్టిపడిన పీచు కణజాలం దగ్గరే ఆగిపోతాయి. మీ అక్కగారిలో లోపలికి వచ్చాయి. వచ్చిన కణాలకు ఎదురయ్యే ఇబ్బందుల్లో ముఖ్యమైనవి మూడు.

మొదటిది అలసట. శత్రువు నెలల తరబడి కళ్లముందే ఉంటే టీ కణం తన మీద పీడీ-1 అనే బ్రేకును పెంచుకుంటుంది. ఒంట్లో రోగనిరోధక దాడి అదుపు తప్పకుండా ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. క్యాన్సర్ కణాలు, పక్కనున్న మాక్రోఫేజులు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను పైకి తెచ్చి ఆ బ్రేకును నొక్కుతాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పీడీ-ఎల్1ను పెంచేది చాలావరకు టీ కణాలే. అవి దాడి చేసేటప్పుడు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ తగిలాకే చుట్టుపక్కల కణాలు పీడీ-ఎల్1 తొడుక్కుంటాయి. అందుకే రిపోర్టులో పీడీ-ఎల్1 కనిపించడం చెడ్డవార్త కాదు. అక్కడ పోరు జరిగిందనడానికి అది గుర్తు.

రెండోది రెగ్యులేటరీ టీ కణాలు. మన సొంత అవయవాల మీద దాడి జరగకుండా మిగతా టీ కణాలను అదుపులో పెట్టడం వీటి పని. వీటిని వెలికితీసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2025లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. గడ్డలో ఇవి ఎక్కువగా చేరితే దాడి చల్లబడుతుంది. మూడోది మాక్రోఫేజులు. గాయం మానేటప్పుడు కొత్త రక్తనాళాలు మొలిపించి, కణజాలం పూడ్చడం వీటికి తెలిసిన విద్య. గడ్డ వదిలే సంకేతాలకు లోబడి అదే పని గడ్డ కోసం చేసిపెడతాయి. ఇవి కాక, తన లోపలి ప్రొటీన్లను పైకి చూపించే హెచ్ఎల్ఏ అణువులను క్యాన్సర్ కణం వదిలించుకుంటే, టీ కణం పక్కనే ఉన్నా దాన్ని పోల్చుకోలేదు.

ఇక పెంబ్రోలిజుమాబ్. ఇది పీడీ-1 మీద కూర్చుని, పీడీ-ఎల్1 దాన్ని నొక్కకుండా అడ్డుపడే యాంటీబాడీ. కణాలను కొత్తగా పుట్టించదు, ఉన్నవాటి బ్రేకు తీస్తుంది. పీడీ-1ను 1992లో గుర్తించిన బృందానికి నాయకుడు తసుకు హోంజో. ఆయనకు, మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ ఇచ్చారు.

మీరు చదివిన ‘సీపీఎస్ 10’ తప్పు కాదు, కానీ అది వేరే దశకు సంబంధించింది. క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన ట్రిపుల్ నెగెటివ్‌లో కీమోతో పాటు ఈ మందు ఇవ్వాలంటే సీపీఎస్ 10 లేదా ఎక్కువ ఉండాలి. జబ్బు రెండో లేదా మూడో దశలో (స్టేజ్ 2, 3) ఉండి, ఆపరేషన్‌కు ముందు ఇచ్చేటప్పుడు ఆ షరతు లేదు. కీనోట్-522 అనే క్లినికల్ ట్రయల్‌లో పీడీ-ఎల్1 ఉన్నవారికీ లేనివారికీ లాభం కనిపించింది. అందులో ఆపరేషన్ నాటికి రొమ్ములోనూ చంకలోనూ క్యాన్సర్ పూర్తిగా మాయమైనవారు కీమో మాత్రమే తీసుకున్నవారిలో 51.2 శాతం, పెంబ్రోలిజుమాబ్ కలిపినవారిలో 64.8 శాతం. అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు అదే వరసలో 81.7 శాతం, 86.6 శాతం. 3 సెంటీమీటర్ల గడ్డ, ఒక లింఫు గ్రంథి అంటే మీ అక్కగారు సరిగ్గా ఈ మందు ఉద్దేశించిన కోవలోకే వస్తారు. డాక్టరుగారి నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం.

సీపీఎస్ అంటే ఏమిటో కూడా తెలుసుకోండి, మళ్లీ మళ్లీ అక్కరకొస్తుంది. పీడీ-ఎల్1 రంగు పట్టిన క్యాన్సర్ కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజులు అన్నీ కలిపి లెక్కపెట్టి, మొత్తం బతికున్న క్యాన్సర్ కణాల సంఖ్యతో భాగించి, 100తో గుణిస్తారు. కొన్ని ల్యాబులు ‘ఐసీ’ అని ఇంకో అంకె ఇస్తాయి. అది వేరే యాంటీబాడీతో, వేరే పద్ధతిలో తీసేది. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి కంగారుపడవద్దు.

చికిత్స వరస ఇలా ఉంటుంది. పెంబ్రోలిజుమాబ్ 200 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి సెలైన్‌లో. మొదటి నాలుగు సైకిళ్లలో దానితో పాటు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. తర్వాతి నాలుగింటిలో డాక్సోరుబిసిన్ లేదా ఎపిరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. ఆ తర్వాత ఆపరేషన్, ఆపైన పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే మరో తొమ్మిది డోసులు. మొత్తం ఏడాది పైమాటే. మొదలుపెట్టేముందు థైరాయిడ్ పరీక్షలు, ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్), చక్కెర, లివర్, కిడ్నీ పరీక్షలు, హెపటైటిస్ బి, ఈసీజీ, గుండె ఎకో చేయించారో లేదో అడగండి. ఇవి అసలు స్థాయిలు. తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఇవే దిక్కు. సోరియాసిస్, కీళ్లవాతం, లూపస్, పేగుల వాపు లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఎప్పుడైనా ఉండి ఉంటే, చాలా చిన్నదనిపించినా తప్పకుండా చెప్పండి.

లింఫోసైట్లు 18 శాతం గురించి. శాతం చూసి బెంగపడకండి. సంఖ్య చూడాలి. 7,800లో 18 శాతం అంటే సుమారు 1,400. పెద్దవారిలో 1,000 పైన ఉంటే మామూలే. పైగా ఒంట్లోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి ఏ 2 శాతమో. మిగతావి లింఫు గ్రంథులు, ప్లీహం, పేగులు, ఎముక మూలుగలో ఉంటాయి. నిద్రలేమి, ఆందోళన, ఒక్క స్టెరాయిడ్ డోసు చాలు ఈ అంకె అటూఇటూ కావడానికి. గడ్డలో ఏం జరుగుతోందో ఇది చెప్పదు.

మాత్రలు, పొడుల విషయంలో మా జవాబు సూటిగా: వద్దు. ఇందాక చెప్పిన మూడు అడ్డంకుల్లో ఒక్కదాన్నీ ఏ పొడీ తొలగించలేదు. నష్టం మాత్రం చేయగలవు. పెంబ్రోలిజుమాబ్ వల్ల లివర్‌లో వాపు రావచ్చు, కీమో వల్లా ఎంజైములు పెరగవచ్చు. గ్రీన్ టీ సారం, పసుపు సారం లాంటి గాఢమైన మాత్రలు కూడా కొందరిలో లివర్‌ను దెబ్బతీస్తాయి. అన్నీ ఒకేసారి వాడుతూ ఉండగా ఎంజైములు పెరిగితే దోషి ఎవరో తేలదు. అది తేలేదాకా అసలు మందు ఆపాల్సి వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారిని గమనించిన ఒక అధ్యయనంలో, కీమోకు ముందూ కీమో సమయంలోనూ యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. అది రుజువు కాదు, కానీ జాగ్రత్తపడటానికి ఆ మాత్రం చాలు. బతికున్న బాక్టీరియా ఉండే ప్రొబయాటిక్ గుళికలు తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో ప్రమాదం. రక్తపరీక్షలో విటమిన్ డి, బి12, ఐరన్ లోపం తేలితే దాన్ని డాక్టరుగారు సరిచేస్తారు, అది వేరే విషయం. సరిపడా ప్రొటీన్ ఉన్న మామూలు ఇంటి భోజనం, ఓపిక ఉన్న రోజుల్లో నడక, రాత్రి నిద్ర, ఇవి చాలు.

మీరు చివర్లో అడిగిన ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఈ ఏడాదిలో మీ అక్కగారి రోగనిరోధక వ్యవస్థ రెండు వ్యతిరేక దిక్కుల్లో దారితప్పవచ్చు. కీమో వల్ల కణాలు తక్కువై ఇన్ఫెక్షన్ రావచ్చు. పెంబ్రోలిజుమాబ్ వల్ల కణాలు అతిగా చెలరేగి సొంత అవయవం మీద పడవచ్చు. రెండింటి లక్షణాలూ కొన్నిసార్లు ఒకేలా ఉంటాయి, చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు. ఇంటి వైద్యం ఇక్కడే దెబ్బతీస్తుంది.

ఇన్ఫెక్షన్లను మొదట ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్స్. మూడు వారాలకోసారి ఇచ్చే డాక్సోరుబిసిన్ దశలో ఇవి సాధారణంగా 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య అడుగంటుతాయి. లెక్క మీరే వేసుకోవచ్చు. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి 100తో భాగించండి. తెల్లకణాలు 1,200, న్యూట్రోఫిల్స్ 35 శాతం అయితే 420. 500 కన్నా తక్కువ అంటే తీవ్రమైన లోటు. మంచి డిజిటల్ థర్మామీటరు ఇంట్లో ఉంచండి. ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే 101 ఫారెన్‌హీట్ వచ్చినా, లేక 38 డిగ్రీలు గంటసేపు నిలిచినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ముందు పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు. జ్వరం దిగుతుంది, రక్తంలో ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఇంకో మోసం ఉంది. చీము అంటే చాలావరకు చనిపోయిన న్యూట్రోఫిల్సే. అవి లేనప్పుడు పుండు ఎర్రబడదు, చీము పట్టదు, ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉన్నా ఎక్స్‌రేలో సరిగా కనబడకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే హెచ్చరిక. అత్యవసర విభాగంలో అడుగుపెట్టగానే ‘కీమో తీసుకుంటున్నారు, జ్వరం వచ్చింది’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి.

కణాలు పెంచే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ ఇస్తే, అది కీమో ముగిసి 24 గంటలు గడిచాకే. తొందరపడి ముందే వేస్తే, అప్పుడే విభజన మొదలుపెట్టిన మూలుగ కణాలను కీమో చంపేస్తుంది. ఆ ఇంజెక్షన్ తర్వాత నడుము, తొడ ఎముకలు నొప్పెడతాయి, తెల్లకణాలు 20 వేలు దాటడమూ ఉంది. మందు ప్రభావం అది.

ఇప్పుడు రెండో వైపు. రోజూ అయ్యేవాటికన్నా నాలుగు విరేచనాలు ఎక్కువ అయినా, రక్తం, జిగురు పడినా అది కీమో విరేచనం అనుకుని ఇంట్లో ఉన్న, విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర వేయవద్దు. టీ కణాలు పెద్దపేగు మీద దాడి చేస్తుంటే ఆ మాత్ర లక్షణాన్ని కప్పిపెడుతుందే తప్ప వాపును ఆపదు, పేగుకు రంధ్రం పడేదాకా వెళ్లవచ్చు. పొడి దగ్గు, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తే ఊపిరితిత్తుల వాపేమో చూడాలి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తే అదేరోజు చక్కెర చూడాలి. అరుదుగానే అయినా మందు వల్ల టైప్ 1 డయాబెటిస్ రోజుల్లో ముదురుతుంది. ఛాతీనొప్పి, గుండెదడ, కనురెప్పలు వాలిపోవడం, మెడ నిలబెట్టలేకపోవడం గుండె కండరాల, ఇతర కండరాల వాపుకు గుర్తులు. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. గంటలు లెక్కపెట్టాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది నీరసం. కీమోలో నీరసం మామూలే కదా అనిపిస్తుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, తలనొప్పి, బీపీ పడిపోవడం, రక్తంలో సోడియం తగ్గడం నీరసానికి తోడైతే పిట్యూటరీ లేదా అడ్రినల్ గ్రంథి దెబ్బతిని కార్టిసాల్ ఆగిపోయి ఉండవచ్చు. థైరాయిడ్ దెబ్బతినడం ఇంకా సాధారణం. మొదట కొన్ని వారాలు దడ, చెమటలు, బరువు తగ్గడం ఉండి, తర్వాత పూర్తిగా మందగిస్తుంది. ఇక్కడ వరస ముఖ్యం. కార్టిసాల్, థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) రెండూ తక్కువగా ఉంటే ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. తిరగేస్తే ప్రాణం మీదికొస్తుంది. గ్రంథులు దెబ్బతింటే సాధారణంగా కోలుకోవు, హార్మోన్ మాత్రలు జీవితాంతం వాడాలి. అయితే వాటితో చికిత్స కొనసాగించవచ్చు.

పేగు, లివర్, ఊపిరితిత్తుల వాపులకు స్టెరాయిడ్లు ఇస్తారు. ‘స్టెరాయిడ్ వేస్తే ఇమ్యునోథెరపీ వృథా అవుతుంది’ అని భయపడి ఆలస్యం చేయకండి. వేళకు ఇస్తే వాపు అణగుతుంది. ఆలస్యమైతే మందే శాశ్వతంగా ఆపాల్సి వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. బాగైపోయిందని వారంలో మానేస్తే వాపు మళ్లీ లేస్తుంది.

టీకాల విషయం క్లుప్తంగా. ఫ్లూ టీకా వీలైతే కీమోకు రెండు వారాల ముందే వేయించండి. బతికున్న వైరస్ ఉండే టీకాలు కీమో జరుగుతుండగా వేయకూడదు. టీకా ఎడమ చేతికే వేయమని అడగండి. టీకా తర్వాత అటువైపు చంకలో గ్రంథులు కొన్ని వారాలు ఉబ్బుతాయి. కుడి చేతికి వేస్తే స్కానింగ్‌లో అది క్యాన్సరో, టీకా ప్రభావమో తేల్చడం కష్టం. ఇంట్లో మిగతావాళ్లూ ఫ్లూ టీకా వేయించుకోండి. చికిత్స సాగినన్నాళ్లూ, పెంబ్రోలిజుమాబ్ చివరి డోసు తర్వాత నాలుగు నెలలూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

ఒక చిన్న కార్డు మీద మందుల పేర్లు, చివరి డోసు తేదీ, ఆంకాలజీ విభాగం రాత్రివేళ ఫోను నంబరు రాసి ఆమె పర్సులో పెట్టండి. బ్రేకు తీసిన టీ కణాలు మందు ఆపిన వెంటనే శాంతించవు. చివరి డోసు తర్వాత నెలలు గడిచాక కూడా విరేచనాలు, ఆయాసం, విపరీతమైన నీరసం రావచ్చు. అప్పటికి ఆమె వేరే ఏదో సమస్యకు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటారు, ఆ డాక్టరుకు ఈ మందు సంగతి తెలిసి ఉండదు. కార్డు చూపించాలి.